డైనమోకి ఆరు వోల్టులు తెలియవు: పాత సైకిల్‌కి హబ్ లైటు బిగించడం

మా నాన్న హెర్క్యులిస్ సైకిల్‌కి వెనక టైరు పక్కన సీసా డైనమో ఉండేది. చీకటి పడ్డాక మీట నొక్కితే టైరుకి ఆనుకుని గుయ్యిమని పాట ఎత్తుకునేది. నాన్న వీధి మలుపు తిరక్కముందే ఆ చప్పుడు ఇంటికొచ్చేది. ఆ డైనమోకి ఒక వింత అలవాటు. వెనక ఎర్ర బల్బు మాడిపోయిందంటే, వారం తిరక్కుండా ముందు బల్బూ మాడిపోయేది. పోయేముందు ఆ నాలుగు రోజులూ ఎన్నడూ లేనంత ధగధగా వెలిగేది. షాపులో అడిగితే "వోల్టేజీ ఎక్కువైంది బాబూ" అని ఇంకో బల్బు చేతిలో పెట్టేవారు. మాట నిజమే. ఎందుకు ఎక్కువైందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడా సైకిల్ నా దగ్గరుంది. రోజూ పనికి పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు, సగం చీకట్లో. సీసా డైనమో ఎప్పుడో అరిగిపోయింది. చార్జింగ్ లైటు పెట్టుకుంటే సరిగ్గా వాన పడే రోజే చార్జింగ్ పెట్టడం మరిచిపోతాను. అందుకని ముందు చక్రంలో హబ్ డైనమో పెట్టించాలనుకున్నాను. మొదలుపెట్టినప్పుడు కరెంటు పనికి భయపడ్డాను, ఇనుప పని ఎంతసేపులే అనుకున్నాను. తీరా చూస్తే రెండూ తారుమారయ్యాయి.

బ్యాటరీ లాంటిది కాదు

హబ్ డైనమో అంటే చక్రం నడిమధ్య హబ్బులోనే దాగిన డైనమో. ఇరుసు ఫోర్కుకి బిగించి ఉంటుంది కాబట్టి తిరగదు. ఆ ఇరుసు మీద రాగి తీగచుట్ట ఉంటుంది. హబ్బు గుల్ల లోపలి గోడకి అయస్కాంతాలు అతికించి ఉంటాయి. చక్రం తిరిగితే అయస్కాంతాలు తీగ చుట్టూ ప్రదక్షిణ చేస్తాయి. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే, కొత్తదేమీ లేదు.

సీసా డైనమో తల బుల్లిది కాబట్టి చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా అది ముప్ఫై చుట్ల దాకా తిరిగేస్తుంది. హబ్ డైనమోకి ఆ సౌకర్యం లేదు, చక్రం ఒకసారి తిరిగితే తనూ ఒకసారే. అందుకే లోపల అయస్కాంత ధ్రువాలు ఎక్కువ పెడతారు, సాధారణంగా 26 లేదా 28. మన 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.24 మీటర్లు. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకి రెండు చుట్ల కంటే కాస్త తక్కువ తిరుగుతుంది. 28 ధ్రువాలంటే 14 జతలు, కాబట్టి వచ్చే ఏసీ కరెంటు సెకనుకి దాదాపు 26 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇంట్లో వచ్చేది సెకనుకి 50 సార్లు. నెమ్మదిగా తొక్కితే పాత బల్బు మినుకుమినుకుమనేది ఇందుకే.

హబ్బు మీద "6 వోల్టులు, 3 వాట్లు" అని రాసి ఉంటుంది. చిక్కంతా ఆ రాతతోనే వచ్చింది. అది చూడగానే, ఆరు వోల్టుల బ్యాటరీ లాంటిదన్నమాట, అనుకుంటాం. కాదు. ఆ అంకె జర్మనీ రోడ్డు నిబంధనల నుంచి వచ్చింది. 2013 దాకా అక్కడ మామూలు సైకిళ్లకి డైనమో తప్పనిసరి. ముందు లైటుకి 2.4 వాట్లు, వెనక లైటుకి 0.6 వాట్లు, కలిపి 3. ఆ రెండు బల్బులూ తగిలించి మామూలు వేగంలో తొక్కితే ఆరు వోల్టుల దరిదాపుల్లో ఉంటుందని మాత్రమే ఆ రాతకి అర్థం. బల్బులు పీకేసి గట్టిగా తొక్కితే అదే డైనమో కొసల మధ్య పదుల వోల్టులు పుడతాయి. డైనమోకి ఆరు అన్న అంకె తెలియదు. దానికి తెలిసింది ఒకటే, అర ఆంపియర్.

ఎందుకంటే వేగం పెరిగినకొద్దీ లోపల పుట్టే వోల్టేజీ పెరుగుతుంది, నిజమే. కానీ ఏసీ ఊపు కూడా అదే లెక్కన పెరుగుతుంది. ఊపు పెరిగితే తీగచుట్ట తనలోంచి పోయే కరెంటుని తనే అంతకంతకూ అడ్డుకుంటుంది. నెట్టేదీ పెరిగింది, అడ్డుకునేదీ అంతే పెరిగింది, కాబట్టి బయటికొచ్చే కరెంటు దాదాపు ఒక్కచోటే నిలబడిపోతుంది. తిరుమల క్యూలో వెనక నుంచి జనం ఎంత తోస్తే గేటు దగ్గర అంత ఒరుసుకుంటారు. తోపు రెండింతలైనా నిమిషానికి బయటపడే మనుషుల లెక్క మారదు. డైనమోలో ఆ లెక్క సుమారు 0.5 ఆంపియర్. నడక వేగంలో అంత రాదు. ఒక మోస్తరు వేగం అందుకున్నాక మాత్రం కొండ దిగినా అది పెద్దగా పెరగదు.

ఇప్పుడు నాన్న బల్బుల సంగతి చూడండి. సీసా డైనమోదీ ఇదే గుణం. ముందు బల్బు 0.4, వెనక బల్బు 0.1, వచ్చే అర ఆంపియర్‌ని వాటాలేసి పంచుకుంటున్నాయి. వెనకది మాడితే దాని వాటా ఎటు పోతుంది? డైనమో తగ్గించుకోదు, మొత్తం తెచ్చి ముందు బల్బు నెత్తిన పోస్తుంది. 2.4 వాట్ల బల్బు చేత 3.7 వాట్లు మింగిస్తుంది. నాలుగు రోజులు ధగధగ, ఆనక చీకటి. ముందుది ముందు పోతే సంగతి ఇంకా ఘోరం. 0.1 ఆంపియర్‌కి అలవాటైన ఎర్ర బల్బు మీద అయిదింతల కరెంటు పడి అక్కడికక్కడే టప్పుమంటుంది. బ్యాటరీతో ఇలా జరగదు. ఒక బల్బు పీకితే రెండోదానికి ఏమీ కాదు.

ఇంకో వింత కూడా ఇందులోంచే వస్తుంది. డైనమో తీగలు రెండూ ఒకదానికొకటి తగిలి షార్టయినా డైనమోకి ఏమీ కాదు, అదే అర ఆంపియర్ తనలో తను తిరుగుతుంది. బ్యాటరీని షార్ట్ చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఎల్ఈడీ ఎలా తగిలించాలి

కరెంటు మారదు అని తెలిశాక ఎల్ఈడీ సంగతి సగం తేలిపోతుంది. ఎల్ఈడీకి కావలసింది కూడా కొలిచిన కరెంటే. బ్యాటరీతో వెలిగించాలంటే కరెంటుని అదుపు చేసే సర్క్యూట్ ఒకటి పెట్టాలి. డైనమో ఆ పని పుట్టుకతోనే చేస్తోంది. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు నాలుగు తీసుకుని ఒక బ్రిడ్జి కట్టి, ఏసీని ఒకే దిక్కున పోయే డీసీ చేస్తే చాలు. మార్కెట్లో రూపాయికి దొరికే మామూలు సిలికాన్ డయోడ్లు ఒక్కొక్కటీ 0.7 వోల్టులు తినేస్తాయి. దారిలో ఎప్పుడూ రెండుంటాయి కాబట్టి 1.4 వోల్టులు గాలికి. తక్కువ వోల్టేజీ తినే షాట్కీ రకం డయోడ్లు పెడితే అందులో సగం మిగులుతుంది. నెమ్మదిగా తొక్కేవాళ్లకి ఆ సగం చాలా విలువైనది.

ఒక తెల్ల ఎల్ఈడీ సుమారు 3 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. అర ఆంపియర్ అంటే 1.5 వాట్లు. రెండు ఎల్ఈడీలు వరుసలో పెడితే కరెంటు అదే, వోల్టేజీ 6, అంటే 3 వాట్లు. మూడు పెడితే 4.5. ఏదో ఉచితంగా వచ్చినట్టు కనిపిస్తుంది గానీ కాదు. ఎన్ని ఎల్ఈడీలు వరుసలో పెడితే అంత వేగం అందుకునేదాకా ఒక్కటీ వెలగదు, పైగా ఆ వాట్లన్నీ మన పిక్కలే ఇవ్వాలి. పెద్ద చక్రం, బరువు బండి, గంటకి 12 నుంచి 15 కిలోమీటర్లు దాటని ఊరి ప్రయాణం అయితే రెండు చాలు. మూడు, నాలుగు పెట్టే తాపత్రయం హైవే మీద పాతిక తొక్కేవాళ్లకి వదిలేయండి.

ఎరుపు లైటుని హబ్బు నుంచి నేరుగా తీసుకోవద్దు. డైనమో కోసం తయారైన ముందు లైట్లలో వెనక లైటుకి వేరే కొసలు ఉంటాయి, అక్కడి నుంచే తీగ తీసుకెళ్లాలి. ముందు లైటు లోపలి సర్క్యూట్ వాటాలు చూసుకుంటుంది. చాలావాటిలో కరెంటుని కాసేపు దాచిపెట్టుకునే ఒక పెద్ద కెపాసిటర్ కూడా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినా కొన్ని నిమిషాల పాటు సన్నగా వెలుగుతూనే ఉంటుంది. సీసా డైనమో రోజుల్లో ఆగామంటే చీకటే. వెనక లారీవాడికి కనపడాల్సింది మనం ఆగి ఉన్నప్పుడే కదా. డబ్బు పెట్టేదేదో ఈ ఒక్క సౌకర్యానికి పెట్టమంటాను.

లైటు కొనేటప్పుడు ల్యూమెన్లు చూసి మోసపోకండి. ల్యూమెన్ అంటే లైటులోంచి మొత్తం ఎంత వెలుగు వస్తోందన్న లెక్క. ఆ వెలుగు రోడ్డు మీద పడుతోందా, ఎదుటివాడి కళ్లలో పడుతోందా అన్నది అది చెప్పదు. జర్మన్ డైనమో లైట్లని పది మీటర్ల దూరంలో ఎన్ని లక్స్, అంటే ఆ చోట ఎంత వెలుగు, పడుతోందో కొలిచి అమ్ముతారు. పైభాగం కత్తిరించినట్టు ఆగిపోయి వెలుగంతా రోడ్డు మీదే పరుచుకునేలా అద్దం మలుస్తారు. ఒకటిన్నర వాట్లతో సైతం గుంత ముందే కనపడుతుంది. పది వాట్ల టార్చి పెట్టుకుని ఎదురొచ్చేవాళ్ల చేత తిట్లు తినడం కంటే ఇది నయం.

పాత క్రోమ్ దీపం డొప్ప అలాగే ఉంచాలన్న ముచ్చట ఉంటే దారి లేకపోలేదు. ఆ డొప్పల్లో ఎక్కువగా మరతో తిప్పే చిన్న ఈ10 బల్బులే ఉంటాయి. అదే మరతో, ఏసీ మీద పనిచేసే ఆరు వోల్టుల ఎల్ఈడీ బల్బులు వస్తున్నాయి. రూపం చెక్కుచెదరదు. కానీ ఆ అద్దం ఎర్రటి తీగ బల్బు కోసం మలిచినది, ఎల్ఈడీ వెలుగు అందులో చెల్లాచెదురవుతుంది. నేను వారం వాడి తీసేశాను.

తీగల విషయంలో ఒకే మాట. పాత రోజుల్లో ఒక్క తీగే లాగి, తిరుగు దారికి సైకిల్ ఫ్రేమునే వాడుకునేవాళ్లు. డైనమో క్లాంపుకి ఒక మొనదేలిన స్క్రూ ఉండేది, అది రంగుని గీకి ఇనుముకి తగలాలి. నలభై ఏళ్ల తుప్పు, మూడు పొరల రంగు, గ్రీజు నిండిన హ్యాండిల్ కప్పులు, వీటన్నిటి గుండా కరెంటు పోవాలంటే దేవుడే దిక్కు. పైగా బ్రిడ్జి ఉన్న ఎల్ఈడీ లైట్లలో ఏసీ కొస ఒకటీ డీసీ కొస ఒకటీ ఫ్రేముకి తగిలితే ఒక డయోడ్ పక్కదారి పడుతుంది, వెలుగు సగమవుతుంది. కాబట్టి రెండు తీగలు వేయండి. సన్నవి చాలు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ రెండు మీటర్లు పోయి రావడానికి పదో వంతు వోల్టు కూడా తినదు. ఫోర్కు మెడ దగ్గర మాత్రం ఒక చుట్టు వదులుగా వదలాలి, లేకపోతే హ్యాండిల్ తిప్పి తిప్పి అక్కడే తెగుతుంది.

ఇనుము పెట్టే తిప్పలు

కరెంటు సంగతి ఒక సాయంత్రంలో తేలింది. ఇనుముకి మూడు ఆదివారాలు పట్టింది.

మన రోడ్‌స్టర్లు (ఇలాంటి బరువైన పాత సైకిళ్లు) బ్రిటిష్ అచ్చు. టీఐ సైకిల్స్ 1949లో మద్రాసులో మొదలైంది హెర్క్యులిస్‌తోనే, అట్లాస్ 1951లో, హీరో 1956లో వచ్చాయి. అందరూ ఆ పాత ఇంగ్లీషు కొలతలే పట్టుకున్నారు. అంటే ముందు రిమ్ముకి 32 రంధ్రాలు, వెనక రిమ్ముకి 40. మిగతా ప్రపంచం ముందూ వెనకా 36కి అలవాటు పడింది. హబ్ డైనమోలు 36లోనూ, 32లోనూ వస్తాయి. చౌకగా ఉందని 36ది కొన్నారా, మీ రిమ్ముకి పనికిరాదు. రాడ్ బ్రేకు బండికి వేరే రిమ్ము వేద్దామంటే అదీ కుదరదు. ఆ బ్రేకు గుర్రపు నాడాలా పైకి లేచి రిమ్ము లోపలి ముఖాన్ని పట్టుకుంటుంది. దానికి తగ్గ వెస్ట్‌వుడ్ రిమ్మే ఉండాలి. కాబట్టి పాత రిమ్ము, కొత్త హబ్బు, కొత్త స్పోకులు.

స్పోకులు కొత్తవి ఎందుకంటే డైనమో హబ్బు అంచులు పెద్దవి. మామూలు హబ్బులో ఇరుసు మధ్య నుంచి స్పోకు రంధ్రానికి 19 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, డైనమో హబ్బులో 40. అదే 32 రంధ్రాలు, అదే మూడు దాటుళ్ల అల్లిక (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటి పోయేది) అయితే స్పోకు ఆరేడు మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. పాతవే వేస్తే కొసలు నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) దాటి లోపలికి పొడుచుకొచ్చి ట్యూబుని పంక్చర్ చేస్తాయి. అసలు ముందు నిపులే బిగియదు. రిమ్మునీ హబ్బునీ విడివిడిగా కొలిచి, లెక్క కట్టి, ఆ పొడవు స్పోకులే తెప్పించాలి.

చక్రం తయారైంది. ఫోర్కులోకి పోలేదు.

డైనమో హబ్బు కొలత, ఇరుసు మీద దాని రెండు పక్కలా బిగించే లాక్‌నట్ల మధ్య 100 మిల్లీమీటర్లు. పాత బ్రిటిష్ అచ్చు ఫోర్కులు 90 నుంచి 95 మధ్య ఉంటాయి, నాది కొలిస్తే 92. మామూలు హబ్బయితే వాషర్లు తీసి, సన్న నట్లు వేసి సర్దుకోవచ్చు. డైనమోలో ఆ వెడల్పంతా లోపలి సరుకుదే, తీయడానికేమీ లేదు. ఫోర్కునే వెడల్పు చేయాలి. ఉక్కు ఫోర్కు కాబట్టి సాగుతుంది, అల్యూమినియం అయితే ఆ ఆలోచన కూడా రానివ్వొద్దు. ఒక పొడుగు మర కడ్డీ, రెండు నట్లు, రెండు మందం వాషర్లు తీసుకుని, కాళ్ల మధ్య పెట్టి నట్లు బయటికి తిప్పుతూ పోవాలి. ఇనుముకి స్ప్రింగు గుణం ఉంటుంది కాబట్టి 100 దగ్గర ఆపితే తిరిగి 92కే వచ్చేస్తుంది. చాలా దూరం పోనిచ్చి, వదిలి, కొలిచి, మళ్లీ పోనివ్వాలి. రెండు కాళ్లూ చెరి నాలుగు మిల్లీమీటర్లు విడివడాలి. ఒక కాలే ఎనిమిదీ పోయిందంటే చక్రం పక్కకి పోతుంది, బ్రేకు రబ్బరు ఒకవైపు రాసుకుంటూనే ఉంటుంది. కాళ్లు విడివడ్డాక కొసలు కొంచెం వంకర తిరుగుతాయి, వాటిని మళ్లీ ఎదురెదురుగా సమాంతరం చేయాలి. నాకు సాయం చేసిన మెకానిక్ బాబాయ్ దీనికి దారమే వాడాడు. ఫోర్కు మెడ మధ్య నుంచి కింద రెండు కొసలకీ దారం లాగి, రెండు కాళ్లూ సమానంగా విడివడ్డాయో లేదో చూశాడు. "కంటితో చూస్తే అబద్ధం చెబుద్ది, దారం చెప్పదు" అన్నాడు.

ఆ తర్వాత ఇరుసు. పాత ముందు ఇరుసు 5/16 అంగుళం, అంటే 8 మిల్లీమీటర్ల కంటే వెంట్రుకవాసి తక్కువ. డైనమోది 9. ఫోర్కు కొసల్లో ఇరుసు దూరే గాడిని ఆకురాయితో రాయాలి. రెండు పక్కలా సమానంగా అరగదీస్తూ పోవాలి, గాడి పైకొస మాత్రం ముట్టుకోకూడదు. చక్రం కూర్చునేది అక్కడే. ఒక కాలిలో పైకొస అరిగితే చక్రం ఒరుగుతుంది. పైగా ఇరుసు ఎటు కూర్చోవాలన్నది డైనమో తయారీదారు చెబుతాడు. షిమానో కంపెనీ వాళ్లవైతే తీగ తగిలించే మూల కుడివైపు రావాలి.

ఇంత కోతా సాగదీతా ఇష్టం లేనివాళ్లకి ఒక పాత దారి ఉంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1936లోనే డైనోహబ్ అని తెచ్చింది. మొదటిది 12 వోల్టులు, తర్వాత 8, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్థిరపడిన జీహెచ్6 రకం 6 వోల్టులు, 2 వాట్లకి అటూ ఇటూ. పళ్లెమంత వెడల్పు హబ్బు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది ఈ ఫోర్కుల కాలందే కాబట్టి సన్న ఇరుసు, ఇరుకు వెడల్పు, అతికినట్టు కూర్చుంటుంది. బల్బుల రోజుల్లో దాని వెలుగు మిణుగురు పురుగంత అని ఎగతాళి చేసేవాళ్లు. ఎల్ఈడీ వచ్చాక ఆ 0.3 ఆంపియరే దర్జాగా సరిపోతుంది. పాత సైకిల్‌ని పాతగానే ఉంచాలనుకుంటే నా ఓటు దీనికే. దొరికితే ఒక్క జాగ్రత్త తీసుకోండి. గ్రీజు వేద్దామని లోపలి తీగచుట్టని అయస్కాంతం నుంచి బయటికి లాగకండి. ఆ కాలం అయస్కాంతాలు ఇనుప తోడు లేకుండా ఒంటరిగా ఉంటే బలం పోగొట్టుకుంటాయి. విప్పాల్సే వస్తే చుట్టని తోస్తున్నప్పుడే దాని వెనకే ఒక ఇనుప వలయం లోపలికి జారేలా చూడాలి. ఇది తెలియక సర్వీసింగ్ చేసి, డైనమో పాడైందని పారేసినవి ఎన్ని ఉంటాయో.

తొక్కడం బరువవుతుందా

అందరూ ముందుగా అడిగేది ఇదే. లైటు వేసి ఉంటే మంచి హబ్ డైనమో అయిదారు వాట్లు తీసుకుంటుంది, అందులో మూడు వెలుగుకి, మిగతావి వేడికి. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు, వేగం 15 అనుకుంటే, ఆ ఆరు వాట్లు కిలోమీటరుకి 1.7 మీటర్ల ఎత్తు ఎక్కిన దానితో సమానం. ఫ్లైఓవర్ కాదు, గడప కూడా కాదు, కంటికి కనపడని వాలు. టైర్లో గాలి కాస్త తక్కువుంటే అంతకంటే ఎక్కువ బరువనిపిస్తుంది. లైటు ఆపినా డైనమో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఒకటి రెండు వాట్లు పోతాయి. సీసా డైనమో ఆపితే టైరుని పూర్తిగా వదిలేసేది, ఆ ఒక్క గొప్ప దానిదే.

కొత్త హబ్బు ఇరుసుని చేత్తో తిప్పితే టకటకమని పట్టి వదులుతున్నట్టు ఉంటుంది. బాల్స్ పోయాయని షాపువాడితో గొడవ పెట్టుకోకండి. అయస్కాంతం ఒక్కో ధ్రువం దగ్గరా ఆగి పోతోంది, అంతే. తొక్కేటప్పుడు అది తెలియదు.

బిగించాక లైటు వెలగకపోతే ముందు చక్రం పైకెత్తి గట్టిగా తిప్పి, హబ్బు కొసల దగ్గర మీటరు పెట్టి చూడండి. మీటరుని ఏసీ మీద పెట్టాలి. నేను డీసీ మీద పెట్టి, సున్నా చూసి, డైనమో చచ్చిందని నిర్ధారించుకుని, కష్టపడి అల్లిన చక్రం విప్పడానికి పానా తీసుకున్నాను. "ముందా మీట అటు తిప్పు" అని బాబాయ్ అన్నాడు. తిప్పితే ముల్లు లేచింది. చిక్కు కనెక్టర్‌లో ఉంది, ఒక తీగ కొస వంగి లోపలికి పోలేదు.